మైనస్ యాభై భోజనాలు

కొత్త ఫ్లాట్ గృహప్రవేశానికి భోజనాలు ఎవరికి చెప్పాలన్న విషయంలో చిత్తరంజన్ ఒక పక్క, కుటుంబం యావత్తూ మరో పక్క నిలబడ్డారు. కుటుంబం తరఫున మామగారు ఆదిరాజు గారు మాట్లాడారు. ఆయన విశాఖపట్నం పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. ఓడల్లో సరుకు లెక్కబెట్టినవాడికి విస్తళ్ళు లెక్కబెట్టడం ఓ పనా అన్నట్టుంటారు.

"వంటాయన్ని ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి అల్లుడుగారూ. మనం రెండొందలంటే వాడు రెండొందలకి వండడు. మన చుట్టాలెవరో, ఎవరు ఎంత తింటారో అడిగి వాడే ఓ అంచనా కట్టుకుంటాడు. అదీ పద్ధతి" అన్నారాయన.

"అంచనాల మీద బతికే రోజులు పోయాయండీ మామగారూ" అన్నాడు చిత్తరంజన్.

అలా అనడానికి అతనికి హక్కుంది. ఊళ్ళో శుభకార్యాలకి భోజనాలు పంపే 'పంక్తి' అనే వెబ్‌సైటు అతను పనిచేసే కంపెనీదే. తేదీ చెప్పి, ఎంతమందికో చెబితే, పంక్తి వ్యాను వేళకి భోజనం తెచ్చి దింపుతుంది. కార్యం అయిన ఇళ్ళల్లో మిగిలిపోతే వచ్చి పట్టుకెళ్ళి, హాస్టళ్ళలో పిల్లలకి పెడుతుంది కూడా. అందులో కస్టమరు కంటికి కనిపించే బొత్తాలూ, గడులూ, రంగులూ అన్నీ చిత్తరంజన్ బృందం చేతి పని. అలాంటివాడు సొంత ఇంటి భోజనం బయటి వంటాయనకి చెబితే లోకం ఏమనుకుంటుంది? లోకం ఏమీ అనుకోదు, దానికి వేరే పనులున్నాయి. కాని ఆ సంగతి చిత్తరంజన్‌కి ఎవరూ చెప్పలేదు.

"మీ కంపెనీ మీద నమ్మకం లేక కాదండీ" అంది భార్య కుముద. "మీ మీదే కొంచెం బెంగ. మా పుట్టింటివాళ్ళంతా వస్తారు. ఆ పూట విస్తరి ముందు కూర్చున్నవాడు ఆకలితో లేచాడంటే, నేనింక ఆ ఇంట్లో కాపరం చెయ్యలేను. గోడలు కూడా నన్ను చూసి నవ్వుతాయి."

"పిచ్చిదానా! మేం పరీక్షలు పెట్టడమే కాదు, ఆ పరీక్షలకే పరీక్షలు పెట్టాం" అన్నాడు చిత్తరంజన్. ఆ మాటతో కుముద బెంగ రెట్టింపయింది గాని అతను గమనించలేదు.

ఆ ధీమా అతనికి బెంగళూరు నుంచి వచ్చింది. అంతకు కొన్నాళ్ళ ముందు అక్కడేదో వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ళ సభ జరిగితే వెళ్ళొచ్చాడు. వెళ్ళినవాళ్ళకి ఓ గుడ్డ సంచీ, ఓ నీళ్ళ సీసా, ల్యాప్‌టాప్ మీద అంటించుకునే బొమ్మలూ ఇచ్చారు. వాటితో పాటు ఓ ఆలోచన కూడా ఉచితంగా ఇచ్చారు. సంచీ రెండు వారాలకే చిరిగింది. ఆలోచన గట్టిది, చిరగలేదు.

ఆ ఆలోచన పేరు టైప్ చెకింగ్. వంటింట్లో ఉప్పు డబ్బాకీ పంచదార డబ్బాకీ చీటీలు అంటిస్తాం కదా, అలాగే ప్రోగ్రాములో ప్రతిదానికీ ఇది పేరు, ఇది తేదీ, ఇది అంకె అని చీటీ అంటిస్తారు. ఒక డబ్బాలోది మరో డబ్బాలో పోయబోతే యంత్రం ఎర్ర గీత గీసి అరుస్తుంది. పంక్తి ప్రోగ్రాముకి ఈ చీటీలు ఎప్పట్నుంచో ఉన్నాయి. కాని ఆ ప్రోగ్రాము సరిగ్గా నడుస్తోందా లేదా అని రోజూ తనంతట తాను చూసుకునే పరీక్షలు కొన్ని వందలున్నాయి చూశారూ, వాటికి మాత్రం చీటీలు లేవు. ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసి పడేశారు. కాపలా కాసేవాడికే గుర్తింపు కార్డు లేకపోతే ఎలా అని చిత్తరంజన్ రైల్లోనే బాధపడ్డాడు.

ఆలోచన మంచిదే. మంచి ఆలోచనతో చిక్కేమిటంటే, ఇక చాలు ఆపండి అని ఎవరూ అనలేరు.

రుషికొండ ఆఫీసుకి రాగానే పరీక్షలన్నింటి మీదా టైప్ చెకింగ్ పెట్టించాడు. తెర నిండా ఎర్ర గీతలు లేచాయి. వారం రోజులు బృందమంతా కూర్చుని దిద్దింది. ఆ దిద్దుబాటులో రెండు నిజమైన తప్పులు కూడా దొరికాయి. అదే అతని కొంప ముంచింది. రెండూ దొరక్కపోతే విసుగొచ్చి వదిలేసేవాడు.

చివరికి దిద్దడానికి వీల్లేని గీతలు కొన్ని మిగిలాయి. అవన్నీ షహనాజ్ రాసిన పరీక్షల్లోవి. సైటుని రకరకాలుగా వేధించి అది ఎక్కడ కూలబడుతుందో చూడడం ఆవిడ ఉద్యోగం. పేరు గడి ఖాళీగా వదిలేస్తుంది. కార్యం తేదీ అంటే పోయిన ఏడాది తేదీ ఇస్తుంది. ఎంతమందికి భోజనాలు అంటే "బోల్డుమంది" అని రాస్తుంది, ఇంకోసారి మైనస్ అయిదు అని కొడుతుంది. సైటు వీటన్నింటికీ మర్యాదగా కాదని చెప్పాలి. చెబితే పరీక్ష పాసైనట్టు.

"మీ పరీక్షల నిండా తప్పులే షహనాజ్ గారూ" అన్నాడు చిత్తరంజన్.

"తప్పులేనండీ. తప్పని తెలిసే పెట్టాను. జనం తప్పు చేస్తే సైటు ఏం చేస్తుందో చూడాలి కదా?"

"చూడాలి. ఎవరు కాదన్నారు? తప్పు చెయ్యకుండా చూడాలి."

షహనాజ్ తన ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పింది. "పరీక్ష మీద ఒక్క లైను రాస్తే చాలండీ, ఇక్కడ తప్పు కావాలనే పెట్టాం అని. యంత్రం ఊరుకుంటుంది. ఆ ఏర్పాటు అందులోనే ఉంది."

ఉంది. చిత్తరంజన్‌కీ తెలుసు. కాని ఈ రోజు ఈవిడకి మినహాయింపు ఇస్తే రేపు ప్రతివాడూ తప్పు చేసి పైన ఓ లైను రాస్తాడు. ఇలాంటివి తన స్థాయిలో తేలేవి కావనిపించి, విషయం వైస్ ప్రెసిడెంటు ఆనందతీర్థ గారి దగ్గరికి మోసుకెళ్ళాడు. తేలే వస్తువుని కూడా ముంచగల సమర్థుడాయన.

ఆనందతీర్థ గారు అందర్నీ సమావేశపరిచారు.

"మిత్రులారా! ఇది ఎర్ర గీతల సమస్య కాదు. సంస్కృతి సమస్య" అని మొదలుపెట్టారు. "మన పరీక్షల్లోనే తప్పులుంటే స్టేక్‌హోల్డర్లకి మనం ఏ సందేశం పంపిస్తున్నాం? ఈ క్వార్టరుకి మన విజన్ ఒక్కటే. జీరో ఎరుపు. ఈ ప్రయాణంలో అందరం అలైన్ అవ్వాలి."

"సార్, మన పరీక్షలు కస్టమర్లు చూడరు" అంది షహనాజ్.

"చూడరు కాబట్టే అది మన అంతరాత్మకి సంబంధించిన విషయమైంది."

అంతరాత్మ అనేసరికి గదిలో అందరూ తలలూపారు. అక్కడికక్కడే 'తప్పుల అనుమతి కమిటీ' ఏర్పడింది. పరీక్షలో కావాలని తప్పు పెట్టాలనుకునేవాళ్ళు ఆ తప్పు ఎందుకు అవసరమో కమిటీ ముందుకొచ్చి విన్నవించుకోవాలి. కమిటీకి చిత్తరంజన్ అధ్యక్షుడు. అధ్యక్ష పదవి ఎంత చిన్నదైనా మనిషి వీపుని కాస్త నిటారుగా చేస్తుంది. ఆ సాయంత్రం అతను ఇంటికి నిటారుగానే వెళ్ళాడు. మెడ పట్టేసిందా అని కుముద అడిగింది.

పదవి వచ్చాక ఊరికే కూర్చోకూడదు కదా. భోజనాల లెక్కకి ఉత్త 'అంకె' అన్న చీటీ చాలదనిపించింది చిత్తరంజన్‌కి. 'భోజన సంఖ్య' అనే కొత్త రకాన్ని తయారుచేశాడు. అది ఒకటి కన్నా తక్కువ ఉండకూడదు, సగాలూ పావులూ ఉండకూడదు. పుట్టిన పిల్లకి పేరు పెట్టుకున్నట్టు మురిసిపోయి ఆఫీసంతా తిరిగి చూపించాడు.

దాంతో షహనాజ్ మైనస్ అయిదు పరీక్ష మళ్ళీ ఎర్రబడింది. ఆవిడ కమిటీ ముందు నిలబడింది. ఆనందతీర్థ గారు కూడా ప్రత్యేక ఆహ్వానితుడిగా వచ్చారు.

"మన వ్యవస్థలో మైనస్ అయిదు అనే భోజన సంఖ్య ఉందా?" అని అడిగాడు అధ్యక్షుడు.

"లేదండి."

"లేనిదాన్ని పరీక్షించడం ఎలాగమ్మా?"

"అది లోపలికి రాదని పరీక్షించాలండీ. ఎంతమందికో చెప్పాక మళ్ళీ తగ్గించుకునే బొత్తాం ఉంది కదా? తగ్గిస్తూ తగ్గిస్తూ సున్నా కిందకి పోతే సైటు ఆపుతుందా లేదా అని."

"రాదని యంత్రమే చెబుతోంది కదా?"

"యంత్రం మన ఆఫీసులో చెబుతుంది. కస్టమరు ఫోనుకి పంపేటప్పుడు చీటీలన్నీ పీకేసి పంపుతాం చిత్తరంజన్ గారూ. అక్కడ డబ్బాలే ఉంటాయి. ఎవడు ఏం పోసినా అడిగేవాడుండడు."

ఇది చిత్తరంజన్‌కి తెలియని సంగతా! ఉద్యోగానికొచ్చే వాళ్ళని అతను మొదట అడిగే ప్రశ్నే అది. చెప్పలేనివాళ్ళని వెనక్కి పంపేస్తాడు కూడా. కాని తను కష్టపడి కట్టిన భోజన సంఖ్య గుమ్మం దాటగానే ఆవిరైపోతుందని, పైగా ఆనందతీర్థ గారి ఎదుట ఒప్పుకోవడానికి అతనికి ప్రాణం ఒప్పలేదు.

"ఇంతవరకూ మైనస్ భోజనాలు అడిగిన కస్టమరు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

"లేరు. సైటు ఆపుతోంది కాబట్టి లేరు."

"లేరు కదా!" అని ఆనందతీర్థ గారు అందుకున్నారు. "జరగనిదాన్ని ఊహించి భయపడడం నెగెటివ్ మైండ్‌సెట్. మన పరీక్షలు పాజిటివ్‌గా ఉండాలి."

విన్నపం తోసిపుచ్చారు. మైనస్ అయిదు పోయింది. దాని వెంబడే ఖాళీ పేరు, పోయిన ఏడాది తేదీ, బోల్డుమంది కూడా పోయాయి. ఇప్పుడు పరీక్షల్లో అందరూ బుద్ధిమంతులే. పేరడిగితే పేరు, తేదీ అడిగితే తేదీ చెప్పేవాళ్ళే. సైటు ప్రతి పరీక్షా నూటికి నూరు మార్కులతో పాసవుతోంది.

అంతటితో ఆగితే చిత్తరంజన్ ఈ కథకెక్కేవాడు కాదు. పంక్తిలో మరో పాత నియమం ఉంది, పరీక్ష లేని లైను ప్రోగ్రాములో ఒక్కటి కూడా ఉండకూడదని. తగ్గించిన లెక్క సున్నా కిందకి దిగితే ఆపేసే లైను ఒకటి ప్రోగ్రాములో ఉంది. దాన్ని పరీక్షించేది షహనాజ్ మైనస్ అయిదు ఒక్కటే. అది పోయేసరికి ఆ లైను దిక్కులేనిదయింది. ఈ లైనుకి పరీక్ష లేదేమని యంత్రం ప్రతి ఉదయం నిలదీయడం మొదలుపెట్టింది.

"పరీక్ష తిరిగి పెడదామండీ" అంది షహనాజ్.

"కమిటీ తోసిపుచ్చిందిగా."

"కమిటీ అంటే మీరే కదండీ!"

"వ్యక్తి వేరు, కమిటీ వేరు" అన్నాడు చిత్తరంజన్. "అయినా అలాంటి లెక్కే రాదని తీర్మానించాక దాన్ని ఆపే లైను ఎందుకు? దొంగలే లేని ఊరికి గూర్ఖావాడు దేనికి?"

ఆ లైనుని తన చేత్తోనే తీసేశాడు. తెర మొత్తం ఆకుపచ్చగా మారింది. ఆఫీసులో ఆకుపచ్చ కేకు కోశారు. ఆనందతీర్థ గారు రిసెప్షన్‌లో పెద్ద టీవీ పెట్టించి, పరీక్షలన్నీ పాసైనట్టు రాత్రింబవళ్ళు అందులో కనిపించేలా చేయించారు. వచ్చినవాళ్ళు అది క్రికెట్ స్కోరేమోనని చూసి నిరాశపడేవాళ్ళు.

ఆ తర్వాత ఉత్సాహం కట్టలు తెంచుకుంది. పరీక్షలకి చీటీలున్నాయి సరే, చీటీలు సరిగ్గా అంటించారో లేదో చూడడానికి పరీక్షలు వద్దా? వాటినీ రాశారు. కొత్త పరీక్షలకి చీటీలు అంటించారు. బృందంలో ఎనిమిది మంది ఉంటే ఆరుగురు ఈ పని మీదే పడ్డారు. మిగిలిన ఇద్దరిలో ఒకరు సెలవు. ఫోన్లో బొత్తాం సరిగ్గా నొక్కుకోవడం లేదని కస్టమర్ల ఫిర్యాదులొస్తే, ప్రోగ్రాము ముట్టుకోవద్దని ఆనందతీర్థ గారు ఉత్తర్వు ఇచ్చారు.

"ఆలోచించండి. ఎరుపు ఎప్పుడొస్తోంది? ప్రోగ్రాము మార్చినప్పుడే. అంటే నాణ్యతకి శత్రువు ఎవరు? ప్రోగ్రామే" అన్నారు.

అందరూ ఆలోచించారు. చిత్తరంజన్ అందరికన్నా ముందు తలూపాడు.

ఇంతలో గృహప్రవేశం దగ్గరపడింది. చిత్తరంజన్ పంక్తిలో రెండు వందల యాభై భోజనాలకి నమోదు చేసి, ఇంట్లో అందరికీ, అక్కకీ కూడా తలో లాగిన్ ఇచ్చాడు. "ఎప్పుడేం మార్చాలన్నా మీరే మార్చుకోవచ్చు. నన్ను అడగక్కర్లేదు. అదీ మా సైటు గొప్ప" అన్నాడు. ఎవరూ అతన్ని అడగలేదు.

అదే రోజున పెందుర్తిలో దగ్గర చుట్టాల పెళ్ళి పడింది. ఆ కబురు ముందు కుముదకి వచ్చింది. హీనపక్షం వందమంది అటు వెళ్ళిపోతారు, అన్నం పారేసుకోవడం దేనికని వంద తగ్గించింది. సాయంత్రం ఆదిరాజు గారికి అదే కబురు తెలిసింది. అల్లుడికి ఇలాంటి ఇంగితం ఎలాగూ ఉండదని ఆయనా వంద తగ్గించారు. మర్నాడు చిత్తరంజన్ అక్క తులసి అదే కబురు వింటూ కాకినాడ నుంచి దిగింది. మరదలికి లెక్కలు రావని ఆవిడకి మొదట్నుంచీ నమ్మకం. ఆవిడా ఓ వంద తగ్గించింది. ముగ్గురికీ సైటు పచ్చటి టిక్కు చూపించి, మీ మార్పు అందింది, కృతజ్ఞతలు అంది. ముగ్గురిలో ఒక్కరూ మిగతా ఇద్దరికీ చెప్పలేదు. మంచి పని చేసి చెప్పుకోవడం ఆ ఇంట్లో అలవాటు లేదు.

పెందుర్తి పెళ్ళి ముహూర్తం రాత్రికని, గృహప్రవేశం భోజనం మధ్యాహ్నమని, రెండూ తినడానికి చుట్టాలకి ఏ అభ్యంతరమూ లేదని మాత్రం ఎవరికీ తట్టలేదు.

చిత్తరంజన్ రోజూ సైటు తెరిచి చూసుకుంటూనే ఉన్నాడు. అతను చూసింది టిక్కు. పచ్చగా ఉంది. పక్కనున్న అంకె చూడలేదు. ఈ మధ్య అతనికి అంకెలు చూసే అలవాటు తప్పింది.

ఆ రోజు రానే వచ్చింది. పాలు పొంగాయి. వ్రతం అయింది. మధురవాడలో ఆ అపార్ట్‌మెంటు సెల్లార్లో కార్లన్నీ తీయించి, బల్లలు వేసి, పొడుగ్గా కాగితం పరిచి, పైన అరిటాకులు వేశారు. మనుషులు దిగడం మొదలయ్యాక కుముద గుండె చిక్కబట్టుకుంది. పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు, ఆఫీసువాళ్ళు అందరూ పిల్లాపాపలతో దిగారు. రెండు వందలు దాటినట్టే ఉంది. మొదటి బంతిలో ఆనందతీర్థ గారిని కూర్చోబెట్టారు. రెండు ఆకులవతల షహనాజ్, వాళ్ళమ్మ కూర్చున్నారు. అందరూ ఆకుల మీద నీళ్ళు చల్లుకుని తుడుచుకున్నారు.

సరిగ్గా వేళకి పంక్తి వ్యాను సెల్లార్లోకి దిగింది. "చూశారా మామగారూ!" అని చిత్తరంజన్ అటు పరిగెత్తాడు. వ్యాన్లోంచి గౌరునాయుడు అనే మనిషి దిగి తలుపు తీశాడు. లోపల పెద్ద పెద్ద గిన్నెలున్నాయి. తళతళలాడుతున్నాయి. ఖాళీగా ఉన్నాయి.

"యాబై బోజనాలు ఎక్కడెట్టారు బాబూ? ఏసుకుని ఎల్లిపోతాం" అన్నాడు గౌరునాయుడు.

"వేసుకుని వెళ్ళడమేమిటి? మీరు తేవాలి కదా?"

"తెచ్చీది కాదు బాబూ, ఒట్టుకెల్లీది. ఇదిగో సూడండి, మైనస్ యాబై. మైనస్ అంటే మీకాడ మిగిలినాయని మా లెక్క. మేవు ఒట్టుకెల్లి హాస్టల్లో పిల్లలకెట్టాల. ఆల్లకి కబురు కూడా ఎల్పోనాది. కంచాలు ఒట్టుకుని కూకున్నారు పాపం."

చిత్తరంజన్ గౌరునాయుడు చాచిన ఫోనులోకి చూశాడు. తన పేరు, తన ఇల్లు, తన భోజన సంఖ్య. మైనస్ యాభై. పక్కనే చక్కటి పచ్చని టిక్కు.

కబురు ఆకుల మీదుగా పాకింది. ఎవరెంత తగ్గించారో ఒక్కొక్కరే బయటపెట్టారు. ఇద్దరు ఒప్పుకున్నాక తులసక్క, "నేను మన మంచికే తగ్గించాను" అంది. అప్పుడు అందరి చూపులూ ఆనందతీర్థ గారి వైపు తిరిగాయి. ఎంతైనా కంపెనీ పెద్ద.

ఆయన ఖాళీ ఆకు ముందు నుంచి లేవకుండానే గొంతు సవరించుకున్నారు. "ఇది సాధ్యం కాదు. మన వ్యవస్థలో మైనస్ భోజన సంఖ్య ఉండదు. కమిటీ తీర్మానం ఉంది. కాబట్టి సాంకేతికంగా చూస్తే ఈ వ్యాను రాలేదు."

బయట ర్యాంపు మీద ఎవరిదో కారు హారన్ మోగింది.

"రాని వ్యానుని అడ్డం తియ్యమని పైనుంచి గోల చేస్తున్నారండీ" అన్నారు ఆదిరాజు గారు.

"అది వాళ్ళ పర్సెప్షన్" అన్నారు ఆనందతీర్థ గారు. "అధ్యక్షుల వారిని అడగండి. చిత్తరంజన్, మన వ్యవస్థలో మైనస్ యాభై ఉందా?"

చిత్తరంజన్ నోరు తెరిచాడు. లేదు అనాలి. అది చాలా తేలిక, రెండు నెలలుగా అతను అంటున్న మాట అదే. వ్యాను డ్రైవరు పొరపాటనీ, వంటవాళ్ళ తప్పనీ నెట్టేయొచ్చు. కుముద మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఎర్రంచు పట్టుచీర, చేతిలో మంచినీళ్ళ జగ్గు. ఆవిడ ఏడవడం లేదు. అలా చూస్తోందంతే. అతనికి ఒళ్ళంతా సిగ్గు కమ్మింది.

"వచ్చిందా రాలేదా? ఒక్క మాట చెప్పండి" అంది కుముద.

"వచ్చింది" అన్నాడు చిత్తరంజన్. "వాళ్ళది కాదు తప్పు, నాది. ఇలా జరక్కుండా ఆపే లైను ఉండేది. దానికి షహనాజ్ గారు రాసిన పరీక్షా ఉండేది. పరీక్షలో తప్పుందని పరీక్ష తీయించాను. పరీక్ష లేదని లైను తీసేశాను. తీసేసి కేకు కూడా తిన్నాను."

అతను షహనాజ్ వంక చూశాడు.

"నేనేమీ అనలేదండీ" అందావిడ.

"అంటే బాగుండును."

"అన్నానండీ. కమిటీ తోసిపుచ్చింది."

కుముద జగ్గు కింద పెట్టింది. కొంగు నడుముకి దోపుకుంది. "నాన్నా, వీధిలో కొట్టు తీసే ఉంది, రవ్వ ఎంతుంటే అంతా తెప్పించండి. వదినా, పై ఫ్లాట్ల వాళ్ళని ఉల్లిపాయలూ మిరపకాయలూ అడగండి. గౌరునాయుడు గారూ, ఆ గిన్నెలు దించండి."

"దించీమంటే దించీస్తాం అమ్మా. మరి మా యాబై?"

"ముందు మీ యాభైకే తీస్తాం. పిల్లలు కూర్చున్నారన్నారు కదా."

బల్లలు వేసిన షామియానా వాళ్ళ దగ్గర రెండు పెద్ద గ్యాసు పొయ్యిలున్నాయి. గౌరునాయుడు చేతులు కడుక్కుని తిరగమోత వేశాడు. ఆఫీసు వాళ్ళు నేల మీద కూర్చుని ఉల్లిపాయలు తరిగారు. ఒకే సైజులో తరగాలా అని ఒకరు అడిగితే షహనాజ్ వాళ్ళమ్మ కోప్పడింది. తులసక్క ఎవరూ అడక్కుండానే గరిటె తిప్పే పని తీసుకుంది. చిత్తరంజన్ నీళ్ళు మోశాడు. పట్టుపంచె మోకాళ్ళ దాకా తడిసింది. మోస్తున్నంతసేపూ అతనికి ఏడుపూ, హాయీ రెండూ కలిసొచ్చాయి. ఇంత తేలిగ్గా తప్పు ఒప్పుకోవచ్చని ఎవరైనా ముందే చెబితే ఎంత బాగుండేదో అనుకున్నాడు.

యాభై మందికి సరిపడా ఉప్మా ఎక్కించుకుని వ్యాను వెళ్ళిపోయింది. మిగిలింది రెండు వందల మందీ తిన్నారు. జీడిపప్పు లేదు. కొందరికి ఆవకాయ అందింది, కొందరికి అందలేదు. అయినా ఆకలి మీదున్నారేమో, గృహప్రవేశానికి ఉప్మా పెట్టిన ఇల్లు ఇదొక్కటేనని నవ్వుకుంటూ మారు అడిగి మరీ వేయించుకున్నారు. ఆకలితో లేచినవాడు ఒక్కడూ లేడు. కుముద మొహం తెరిపిన పడింది. చివరి బంతిలో ఇంటివాళ్ళు కూర్చున్నారు. చిత్తరంజన్ ఆకు వేసుకున్నాడు. పొద్దున్నుంచి ఉపవాసం, కడుపులో మంట పుడుతోంది.

అప్పుడు ఆనందతీర్థ గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని ఎదుట కుర్చీ లాక్కున్నారు. ఆయన మూడుసార్లు వేయించుకున్నారు.

"నేనొకటి గమనించాను చిత్తరంజన్. నువ్వు ఆవేశపడ్డావు గాని, లోపం సైటులో లేదు. కుటుంబంలో ఉంది. ముగ్గురు మనుషులు, ఒకే లెక్క మీద ముగ్గురూ చెయ్యేశారు. ఎందుకు? మన కస్టమర్ల కుటుంబాలకి చీటీలు లేవు. ఎవరు తగ్గించే రకం, ఎవరు పెంచే రకం, ఎవరు చూసి ఊరుకోవాల్సిన రకం అన్నది ఎక్కడా నిర్వచించలేదు. అందుకని, భోజనాలు చెప్పేముందే కుటుంబానికి టైప్ చెకింగ్ పెడితే? ఇది మన తర్వాతి విజన్. నీ అనుభవం దృష్ట్యా, నువ్వే లీడ్ చెయ్యాలి."

ఆదిరాజు గారు, తులసక్క, షహనాజ్ అందరూ చిత్తరంజన్ మొహంలోకి చూశారు. రెండు గంటల కిందట అందరి ఎదుటా తప్పు ఒప్పుకున్న మనిషి. చేతులెత్తి దండం పెట్టి, నాకొద్దు మహాప్రభో అనాల్సిన మనిషి. అనబోయాడు కూడా. కాని నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. మామగారిది ఏ రకం? తులసక్కది కచ్చితంగా తగ్గించే రకం, కాని పండగలప్పుడు పెంచుతుంది, అంటే రెండు రకాల కలయిక, దానికి వేరే చీటీ ఉండాలి... అతని వీపు నెమ్మదిగా నిటారయింది.

"కమిటీలో సభ్యులు ఎంతమంది ఉండొచ్చు సార్?" అన్నాడు.

అతని ఆకులో వడ్డించడానికి వంగిన కుముద, గరిటెడు ఉప్మా అలాగే పట్టుకుని పక్క ఆకు దగ్గరికి వెళ్ళిపోయింది.